సున్నం తగిలితే ఎర్రబడే కట్టె

మెట్‌పల్లి,
3 మార్చి 2025.

ఆసిఫాబాద్‌లో కాపురముంటున్న మా లస్మవ్వ తమ్ముడు హనుమంతుకు,

మెట్‌పల్లి నుంచి కమ్మరి మొండయ్య రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. మీరెట్లా ఉన్నారని అడగాలని నాకు లేదు. ఉత్తరమన్నాక అడగాలి కాబట్టి అడుగుతున్నాను.

తొమ్మిదేళ్ల కింద మీ అమ్మ చంద్రవ్వ పదోరోజు నాడు, విస్తళ్ల ముందు కూర్చున్న చుట్టాలందరూ వింటుండగా నువ్వు నన్ను రోకలి దొంగ అన్నావు. ఇక జన్మలో నీతో మాట్లాడనని ఆ రోజే కొలిమి మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు అట్లాగే ఉంది. రాయనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు. అందుకని ఆర్టీసీ కార్గోలో ఒక కట్టె ముక్క, దానితో ఈ కాగితం పంపుతున్నాను. జవాబు కూడా అట్లాగే పంపు. ఫోన్ చేస్తే ఎత్తను.

సంగతేమిటంటే, మా బస్టాండు వెనక మటన్ దుకాణం నడిపే బాబు మియా బక్రీదుకు పదకొండు కత్తులు చెప్పాడు. “కత్తి నువ్వు మంచిగనే కొడ్తవ్ భాయ్. పిడి దగ్గరనే పరేషాన్. పోయినేడు టేకు పిడి నీళ్లు తాగి ఉబ్బి పగిలింది. గీసారి జర గట్టి కట్టె పెట్టు” అన్నాడు. లస్మవ్వ ధర్మపురి దర్శనానికి పోయిన రోజు నేను సజ్జ మీద వెతికితే, పాత గోనెసంచిలో చుట్టిన గుండ్రటి కట్టె ఒకటి దొరికింది. మూడు మూరల పొడుగు. నడుమ సన్నగా, నున్నగా అరిగి ఉంది. పాత ఎడ్లబండి గుంజ అయి ఉంటుంది, తాడు ఒరిసి అరిగిందనుకున్నాను. కోస్తుంటే రంపం పళ్లు మూడు విరిగాయి. నాలుగు పిడులు చేసి బిగించి ఇచ్చాను. రెండు రోజులకే బాబు మియా తిరిగొచ్చి, “మిగిలిన ఏడింటికి గూడ గిదే కట్టె పెట్టు. ఏరేది పెడితె తీస్కోను” అన్నాడు.

ఉన్నది చాలదు. ఇంకా కొనాలంటే పేరు తెలియాలి. నాకైతే సండ్ర అనిపిస్తోంది కానీ ఇంత బరువు సండ్ర నేను చూడలేదు. లస్మవ్వ ధర్మపురి నుంచి వచ్చి, కోయగా మిగిలిన కట్టెను చూసి, ప్రసాదం సంచి కింద పెట్టకుండానే దాన్ని చేత్తో తడిమింది. గిదేం కట్టె అని అడిగితే, “నాకేమెరుక. నా తమ్ముడు ముప్పై ఏండ్లు కట్టె డిపోల జేసిండు గద, ఆయనకు రాసి అడుగున్రి” అంది. అడుగుతున్నాను.

నీతో మాట్లాడని,
మొండయ్య.

*

ఆసిఫాబాద్,
11 మార్చి 2025.

మా అక్క భర్త మొండయ్య గారికి,

హనుమంతు నమస్కారాలు. అవి మా అక్కకు. మీ వాటా అందులోంచే తీసుకోండి.

తొమ్మిదేళ్ల తర్వాత చుట్టరికం గుర్తొచ్చి మీరు పంపింది పొయ్యిలో కట్టె. సంతోషం. ముప్పై కాదు, ముప్పై ఒక్క ఏళ్లు డిపోలో చేశాను. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు దుంగ పేరు తెలియక నన్ను పిలిపించేవారు. నేను కండ్లు మూసుకుని వాసన చూసి చెప్పేవాణ్ని. రిటైరైన రోజున శాలువా కప్పింది ఊరికే కాదు.

మీరు పంపిన ముక్క సండ్ర కాదు. ఇనుము కొట్టేవాడు కట్టె గురించి మాట్లాడితే ఇట్లాగే ఉంటుంది. సండ్ర నాకు తెలియదా? మా ఇంట్లో పెళ్లిళ్లకు పసుపు దంచే రోకలి సండ్రదే. మా అమ్మకు వాళ్లమ్మ ఇచ్చింది. పుట్టినప్పటి నుంచి దాన్ని చూస్తూ పెరిగాను. ఎక్కడ చూసినా గుర్తుపడతాను. అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో నాకంటే మీకే బాగా తెలుసు.

ఇది జిట్రేగి. రాసి పెట్టుకోండి.

అక్కకు ఒక మాట చెప్పండి. మా మంజులకు కాగజ్‌నగర్ సంబంధం కుదిరింది. మే 18న పెళ్లి. పసుపు దంచేటప్పుడు మొదటి పోటు మేనత్త వేయాలి. తొమ్మిదేళ్లుగా పుట్టింటి గడప తొక్కని మేనత్త ఇప్పుడైనా రావాలంటే, ఆమె భర్త ముందు రోకలి పంపాలి. ఊరివాళ్ల రోకలి అడుక్కొచ్చి నా బిడ్డకు పసుపు దంచను.

ఇట్లు,
ఎన్.హనుమంతు, రిటైర్డ్.

*

మెట్‌పల్లి,
17 మార్చి 2025.

రిటైర్డ్ హనుమంతుకు,

జిట్రేగి అని రాసి పెట్టుకున్నాను. మా దుకాణంలో తలుపు మీదే సుద్దతో రాశాను. వచ్చినవాళ్లందరూ చదివి నవ్వి పోతున్నారు.

ఒక ముక్కను బకెట్‌లో వేశాను. ఇనుప గుండులా అడుగుకు పోయింది. పొట్టును కొలిమిలో వేశాను. నలభై ఏళ్లుగా సండ్ర బొగ్గు ఎట్లా కాలుతుందో చూస్తున్నాను, ఇదీ అట్లాగే కాలింది. జిట్రేగి అయితే దుకాణమంతా వాసన వచ్చేది. శాలువా కప్పినవాళ్లు ఆ రోజు నీ ముక్కును కూడా కప్పేసినట్టున్నారు.

అయితే ఒక్కటి నాకు అంతు చిక్కడం లేదు. ఈ సారి కట్టె కొసను కోసి పంపుతున్నాను, చూడు. కొస నుంచి లోపలికి వేలి కణుపంత లోతు పచ్చగా ఉంది. సండ్రలో పసుపు రంగు నేనెన్నడూ చూడలేదు. కాబట్టి నాకు తెలియదు. తెలియదని చెప్పడం ఎట్లాగో నా దగ్గర నేర్చుకో, పనికొస్తుంది.

రోకలి మాట. నేను తీయలేదు. చూడలేదు. ఆ రోజు ఏమన్నానో ఈ రోజూ అదే అంటున్నాను. మొగుణ్ని దొంగ అన్న ఇంటికి లస్మవ్వ ఎట్లా వస్తుంది? నీ ఉత్తరంలో పెళ్లి మాట చదివి వినిపిస్తే చాటలో బియ్యం చాటలోనే ఉంచి లేచిపోయింది. మళ్లీ వచ్చి, “ఇద్దరు ఒక్క తీరుగనే ఉన్నరు. ఇంకో ముక్క పంపున్రి. ఆయన చూడని, మంచిగ చూడని” అంది. తమ్ముడి మీద ఆమెకు ఇంకా నమ్మకం ఉంది. నాకు జాలేస్తోంది.

నీతో మాట్లాడని,
మొండయ్య.

*

ఆసిఫాబాద్,
29 మార్చి 2025.

మొండయ్య గారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి.

కొస ముక్క అందింది. పచ్చదనం చూడగానే హల్దు అనుకున్నాను. మహారాష్ట్ర లారీలవాళ్లు దాన్నే హేదూ అంటారు. చేవ పచ్చగా ఉంటుంది. కానీ హల్దు ఇంత బరువుండదు, నీళ్లలో ఇట్లా మునగదు. రెండు రోజులు దాన్ని ముందు పెట్టుకుని ఆలోచించాను. మూడో రోజు అన్నం తిని తంబాకులో సున్నం నలుపుకుంటూ, అదే వేలితో కట్టె కొసను తడిమి చూశాను. తడిమిన చోట ఎర్రబడింది. కుంకుమ అద్దినంత ఎరుపు. తుడిచాను, పోలేదు. ఇంకో చోట సున్నం పెట్టాను, అక్కడా ఎరుపే.

నరికితే ఎర్రటి జిగురు కారే చెట్లు నాకు తెలుసు. సున్నం తగిలితే ఎర్రబడే కట్టె గురించి నేను వినలేదు, డిపోలో నాకంటే పాతవాళ్లు వినలేదు. బస్టాండు దగ్గర టీ హోటల్‌కు తీసుకుపోయి నలుగురి ముందు చేసి చూపించాను. అందరూ నోళ్లు తెరిచారు. ఒకాయన పేపరువాళ్లకు చెబుతానన్నాడు. ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని చెట్టు. పేరు పెట్టే రోజు వస్తే నాది పెడతారు. మీరు పంపారు కాబట్టి కింద చిన్న అక్షరాల్లో మీది కూడా పెట్టమంటాను.

మిగిలిన కట్టె మీద రంపం పెట్టొద్దు. కసాయి కత్తులకు తుమ్మ చాలు. ఆ గుంజ ఏ ఊరి బండిది, ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరం మీ సజ్జ ఎక్కింది, అన్నీ వివరంగా రాయండి. మా అక్కను అడిగితే తెలుస్తుంది. ఇంట్లో ఏ వస్తువు ఎప్పుడు వచ్చిందో ఆమె మరిచిపోదు.

మంజుల పెళ్లి కార్డులు అచ్చయ్యాయి. ఒకటి పోస్టులో పంపించాను.

ఇట్లు,
ఎన్.హనుమంతు.

*

మెట్‌పల్లి,
5 ఏప్రిల్ 2025.

చెట్టు కనిపెట్టిన హనుమంతుకు,

నీ వివరాల కోసం లస్మవ్వను అడిగాను. “ఏ ఊరి బండిదో ఆయననే చెప్పుమనున్రి. అన్ని తెలిసినోడు గద” అని లోపలికి పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పోయింది. నవ్విందో ఏడ్చిందో నాకు కనిపించలేదు.

బాబు మియా కూడా మొన్న ఒక సంగతి చెప్పాడు. కత్తులు కడిగితే వాళ్లావిడ చేతులకు లేతగా పచ్చదనం అంటిందట. “మా దుకాన్ల కత్తులు కడుగుతున్నమో, షాదీ చేస్తున్నమో సమజైతలేదు భాయ్” అంటున్నాడు. నీ చెట్టు గొప్పతనం కసాయి దుకాణం దాకా పాకింది. ఇంకేం కావాలి?

కార్డు అందింది. “శ్రీమతి లస్మవ్వ గారికి” అని ఉంది. అంతే ఉంది. ముప్పై నాలుగేళ్లు కాపురం చేసినదానికి మొగుడు లేనట్టు రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. చదివి వినిపిస్తే లస్మవ్వ, “మొగని పేరు లేని కార్డు నాది గాదు” అని బియ్యం డబ్బా మీద పడేసింది. ఇక మొదటి పోటుకు ఎవరిని పిలుచుకుంటావో పిలుచుకో.

మొండయ్య.

*

ఆసిఫాబాద్,
14 ఏప్రిల్ 2025.

మొండయ్యకు,

గారు తీసేశాను. గమనించే ఉంటావు.

నిన్న మా ఆవిడ రోజారాణి నా టేబుల్ తుడుస్తూ ఆ కట్టె ముక్కను చేతిలోకి తీసుకుంది. కొసను గోటితో గీకి నాలుక మీద పెట్టుకుంది. తర్వాత మంచం మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వింది. “గిది చెట్టు రంగు గాదు, పసుపు. పసుపుకు సున్నం తగిలితె ఎర్రగయితది. పెండ్లిల నీ కాళ్లకు పారాణి ఎట్ల పెట్టిన్రనుకున్నవ్? ముప్పై ఒక్క ఏండ్లు డిపోల జేసినవ్ గని వంటింట్ల ఒక్క పూటన్న నిలవడకపోతివి. తంబాకు తిని తిని నీ ముక్కు సచ్చింది” అంది.

ఇప్పుడు నీ పన్నాగం అర్థమైంది. కట్టెను పసుపు నీళ్లలో నానబెట్టి, ఏమీ తెలియనివాడిలా నా దగ్గరకు పంపావు. నలుగురిలో నేను నవ్వులపాలు కావాలని. అయ్యాను. టీ హోటల్‌లో అడుగు పెడితే చాలు, “హనుమంతన్నా, నీ చెట్టు పూతకొచ్చిందా?” అంటున్నారు. పేపరుకు చెబుతానన్న ఆయనే అందరికంటే ముందు అంటున్నాడు.

అప్పుడు దొంగతనం, ఇప్పుడు దగా. కార్డులో నీ పేరు ఎందుకు లేదో నీకే తెలిసి ఉండాలి. మా మంజుల పెళ్లి మేనత్త లేకుండానే జరుగుతుంది. నా మనసుకు ఎంత కష్టంగా ఉందో నీకు అక్కర్లేదు. ఇక కట్టె పంపకు, కాగితం పంపకు.

హనుమంతు.

*

మెట్‌పల్లి,
22 ఏప్రిల్ 2025.

బామ్మర్దీ,

కాగితం పంపొద్దన్నావు. పంపుతున్నాను. చదివిన తర్వాత ఏమైనా అనుకో.

నీ ఉత్తరం లస్మవ్వకు గట్టిగా చదివి వినిపించాను. నిన్ను తిట్టాలని మొదలుపెట్టాను. పసుపు అని రోజారాణి అన్న చోటికి వచ్చేసరికి లస్మవ్వ, “నా మరదలు బతకాలె. ఒక్కతన్న గుర్తువట్టింది” అంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని అంతా చెప్పింది. ఆమె చెప్పిందే రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపడం లేదు.

“అవ్వ సచ్చిపోయే నెల ముంగట రోకలి కొసకుండే ఇనుప పొన్ను వదులైందని నాకిచ్చింది. అల్లుని చేత ముఫ్తుగ పని చేయించుకుంటె పరువు వోతది, నాదని చెప్పకు, ఊరోల్లదని చెప్పుమన్నది. నేను దుకాన్ల పెట్టిన. మీరు పాత పొన్ను ఊడగొట్టి రోకలిని మూలకేసిన్రు. గింతలనే అవ్వ పోయింది. పదోనాడు నా తమ్ముడు మిమ్మల్ని దొంగ అన్నడు. నేను నోరు తెరిచేలోపల మీరు కొలిమి మీద ఒట్టేసిన్రు, చూడలేదని. ఇగ నేనేం చెప్పాలె? ఉన్నదంటె మీరు అబద్ధాలోల్లు అయితరు. లేదంటె నేనైత. సంచిల చుట్టి సజ్జ మీద పెట్టిన. ఇద్దరి కోపం చల్లారినంక తీద్దామనుకున్న. చల్లారితేనా?”

బామ్మర్దీ, నేను ఒట్టు వేసింది అబద్ధానికి కాదు. ఆ నెలలో నాలుగు రోకళ్లు వచ్చాయి, ఎవరిది ఏదో నేను చూడలేదు. కానీ నా చేత్తో పొన్ను ఊడగొట్టాను, నా చేత్తో మూలకు వేశాను, నా చేత్తో కోసి పిడులు చేశాను. కమ్మరిని, రోకలిని పట్టుకుని బండి గుంజ అన్నాను. నువ్వు ఎక్కడ చూసినా గుర్తుపడతానన్నావు. రెండు ముక్కలు నెల రోజులు నీ టేబుల్ మీదే ఉన్నాయి.

మరి కోసినప్పుడైనా ఎందుకు చెప్పలేదని అడిగాను. దానికి ఆమె అంది: “కోసినవాటిని అతకవెట్టలేం గద. మీ ఇద్దరికి ఒక్క మాట లేక తొమ్మిదేండ్లాయె. గా కట్టె పుణ్యాన రాసుకుంటుంటె ఎట్ల ఆపుదు? ఎవలన్న ఒక్కలు గుర్తువడ్తరేమో అని చూసిన. ఇద్దరు గా రోకలి కోసమే కొట్లాడిన్రు. ఇద్దర్ల ఒక్కడన్న ఎన్నడన్న దాన్ని పట్టి ఒక్క పోటేసిండా? ఏస్తె చెయ్యే చెప్పేది.”

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే పంపు.

బాబు మియా దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పి పిడులు తిరిగి అడిగాను. “మీ అత్తగారి రోకలా? అందుకేనా గింత మజ్బూత్? ఇయ్యనే ఇయ్య భాయ్” అన్నాడు. మిగిలింది మూరెడు ముక్క. దానికి రెండు కొసలా కొత్త పొన్నులు వేశాను. తొమ్మిదేళ్లు ఆలస్యమైంది, అయినా వేశాను.

లస్మవ్వ పెళ్లికి వస్తుంది, కానీ ఒక షరతు పెట్టింది. మంజుల పసుపు ఆ మూరెడు ముక్కతోనే దంచాలి. మొదటి పోటు ఆమె వేస్తుంది. మిగిలిందంతా నువ్వూ నేనూ. ఆడవాళ్లెవరూ చెయ్యి వేయరు. జల్లెడ పట్టేదాకా లేవడానికి లేదు. “ఒప్పుకుంటె వస్త, లేకుంటె గా కార్డు బియ్యం డబ్బా మీదనే ఉంటది” అంది.

నేను ఒప్పుకున్నాను. నాకు వేరే దారి లేదు, నేను ఆమె వండిందే తినాలి.

మొండయ్య.

*

ఆసిఫాబాద్,
30 ఏప్రిల్ 2025.

బావా,

నీ ఉత్తరం రోజారాణికి కూడా చదివి వినిపించాను. ఆమె ఏమందో రాయను. నువ్వే ఊహించుకో, దానికి రెండింతలు అనుకో.

అక్క అడిగినదానికి నా అరచేతులు చూసుకున్నాను, ఒక్క కాయ కూడా లేదు.

కొత్త కార్డు పంపుతున్నాను. “మొండయ్య, లస్మవ్వ దంపతులకు” అని ఉంది. ఒక్క కార్డు అచ్చు వేయమంటే ప్రెస్సువాడు వేయనన్నాడు, యాభై వేయించాల్సి వచ్చింది. నలభై తొమ్మిది కార్డులు నా దగ్గరే ఉన్నాయి. ఇంకో తొమ్మిదేళ్లు పోట్లాడుకున్నా సరిపోతాయి.

షరతుకు ఒప్పుకున్నానని అక్కకు చెప్పు. మగవాళ్లు పసుపు దంచడం మా వాడలో ఎవరూ చూడలేదు. టీ హోటల్‌వాళ్లకు మాత్రం తెలియనివ్వొద్దని ఆమెకు దండం పెట్టి చెప్పు.

హనుమంతు.

*

ఆసిఫాబాద్,
26 మే 2025.

బావా,

ఎనిమిది రోజులు నా ఇంట్లో నా మంచం మీద పడుకుని, నా వంతు మామిడిపండ్లు కూడా తిని నిన్ననే బస్సెక్కావు. ఎనిమిది రోజులూ నోటి నిండా మాట్లాడుకున్నాం. మళ్లీ ఉత్తరమెందుకంటావేమో. ఒక మాట ఎనిమిది రోజులూ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అందుకని రాస్తున్నాను.

ఆ రోజు రోలు ముందు మనిద్దరం కూర్చున్నాం కదా. ముక్క పొట్టిది కాబట్టి నడుములు వంగిపోయాయి. టీ హోటల్ నుంచి ఆరుగురు వచ్చి గోడ మీద కూర్చున్నారు. వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలుసు, మా అక్కే. పది పోట్లకు నా అరచేయి మండింది, ఇరవైకి బొబ్బ లేచింది. నువ్వు సుత్తె పట్టే చేతులతో చకచకా దంచుతూ నన్ను చూసి నవ్వావు. అక్క పక్కనే నిలబడి, “ఇంక మెదగలే, దంచున్రి” అంటూనే ఉంది. అప్పుడు నా చేతికి ఒకటి తగిలింది. ముక్క నడుమ నాలుగు వేళ్లు సరిగ్గా పట్టేంత గుంట ఉంది. నా వేళ్లకు అది ఇరుకు. అమ్మ వేళ్లు చిన్నవి.

తల వంచుకుని దంచుతున్నాను కాబట్టి నా కండ్లు నీకు కనపడలేదు. పసుపు పడిందని రోజారాణికి చెప్పాను.

బావా, అది సండ్రే. నువ్వే కరెక్టు.

నువ్వు దొంగవు కాదు. దొంగ అన్నందుకు నన్ను మన్నించు. అక్క తొమ్మిదేళ్లు రోకలిని దాచింది. నేను తొమ్మిదేళ్లు ఆమెకు పుట్టిల్లు లేకుండా చేశాను. ఇందులో పెద్ద తప్పు ఎవరిదో పసుపు దంచేటప్పుడు తెలిసింది. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు. చదివాక మాత్రం కొలిమిలో వెయ్యి. బాబు మియాకు చూపించకు.

బక్రీదు దగ్గర పడింది కనుక ఏడు పిడులకు సరిపడా కట్టె ఈ పార్సిల్‌లోనే పెడుతున్నాను. ఇక్కడి సామిల్లులో కొన్నాను. సండ్ర అని నేను అనడం లేదు. రోజారాణి చూసి సండ్ర అంది.

నీ బామ్మర్ది,
హనుమంతు.